కాలిబాట తవ్విన వాగు

ఆ పార్కుకు నేను మొదటిసారి వెళ్లింది 2020 నవంబరులో. అంతకు నెల ముందు, అక్టోబరు 13న హైదరాబాద్‌ను ముంచెత్తిన వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. నగరమంతా తెగిన చెరువు కట్టల గురించీ మునిగిన కాలనీల గురించీ మాట్లాడుకుంటున్న రోజుల్లో, శివార్లలోని ఈ అటవీ పార్కులో చిన్న వాగు ఒకటి చడీచప్పుడు లేకుండా నిలువున్నర లోతుకు దిగిపోయింది.

నన్ను పిలిచింది వాగు కోసం కాదు, గోడ కోసం. ఒడ్డు కోసుకుపోకుండా కొన్నేళ్ల కిందట కట్టిన కాంక్రీటు గోడ, పన్నెండు మీటర్ల ముక్క, ముక్కగానే వాగులోకి బోర్లా పడి ఉంది. "దీన్ని ఇంకొంచెం లోతైన పునాదితో మళ్లీ కట్టాలంటే ఎంత అవుతుంది?" అని పార్కు అధికారులు అడిగారు. కిందికి దిగి చూశాను. గోడకు బీట కూడా వారలేదు. కాంక్రీటును తప్పుపట్టడానికి ఏమీ లేదు. దాని కాళ్ల కింద నేల పోయింది, అంతే.

మూడు రోజులు తిరిగి చూసి నేనిచ్చిన జవాబు వాళ్లకు నచ్చలేదు. గోడ వద్దు, ముందు కాలిబాటను సరిచేద్దాం అన్నాను. వాగు పాడైతే కాలిబాటను బాగుచేయడమేమిటని ఒకరు నవ్వారు కూడా.

నేను నేల, నీటి సంరక్షణ పనుల్లో పెరిగిన ఇంజనీరును. కరువు ప్రాంతాల పథకాలపై కేంద్రం వేసిన హనుమంతరావు కమిటీ సిఫారసుల మీద 1995లో వాటర్‌షెడ్ (వాన నీటిని, మట్టిని పడ్డచోటే నిలిపే పనుల) మార్గదర్శకాలు వచ్చిన కొత్తలో అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల వంకల్లో రాతికట్టలు వేయిస్తూ పని నేర్చుకున్నాను. ఆ అలవాట్లలో కొన్ని ఇక్కడ పనికొచ్చాయి, కొన్ని నన్ను ముంచాయి. పార్కు పేరు రాయడం లేదు. ముందు జరిగిన పనుల్లో తప్పులు చెప్పకుండా ఈ కథ నడవదు, వాటికి ఎవరినో బోనెక్కించడం నా ఉద్దేశం కాదు.

వాగు ఎందుకు దిగింది

వాగు మొత్తం పొడవు 640 మీటర్లు. ప్రహరీ కింద కల్వర్టులోంచి పార్కులోకి వచ్చి, దిగువన ఒక కుంటలో కలుస్తుంది. పై 200 మీటర్లు పరుపు బండ మీద పారుతుంది, అక్కడ ఏ బాధా లేదు. కింది 230 మీటర్లు దాదాపు చదును. నడుమ ఉన్న 210 మీటర్లలోనే అంతా జరిగింది. అక్కడ పైన జానెడు రెండు జానల ఎర్రమట్టి, దాని కింద మొరం. మన గ్రానైటు నేలల్లో ఈ మొరం వింతైనది. ఎండలో గడ్డపారకు లొంగదు, నానితే చక్కెరలా కరుగుతుంది.

ఈ నడుమ భాగానికి ఎగువ కొసన వాగు అడుగున నిట్టనిలువు మెట్టు ఒకటి ఉంది, ఎత్తు 1.6 మీటర్లు. నీళ్లు దాని మీంచి దూకి, పాదం దగ్గర గుంట తవ్వి, మెట్టు అడుగును తినేస్తాయి. పైనున్న మట్టి విరిగి పడుతుంది. మెట్టు ఒక అడుగు ఎగువకు జరుగుతుంది. ఆ మెట్టు ఎక్కడెక్కడ ఉండేదో చెప్పే పటాలేవీ లేవు. కాపలా చూసే ఆయన చెప్పాడు: "అయిదేళ్ల కింద ఆ నేరేడు చెట్టు దగ్గర ఉండేది సార్." నేరేడు నుంచి ఇప్పటి మెట్టుకు నేను అడుగులు వేసి లెక్కపెట్టాను. అరవై. వాగు నడుస్తోందన్న మాట, పై వైపుకు.

ఇలాంటి వాగు ఒక వరసలో చెడుతుంది. మొదట అడుగు దిగుతుంది. అడుగు దిగేకొద్దీ ఒడ్డుల ఎత్తు పెరిగి, తమ బరువును తామే మోయలేక కూలతాయి. వాగు వెడల్పవుతుంది. కూలిన మట్టి అడుగున పేరుకుని, ఎప్పటికో ఒకనాటికి కొత్త మట్టంలో వాగు కుదురుకుంటుంది. అడుగు ఇంకా దిగుతున్న దశలో ఒడ్డుకు గోడ కట్టడమంటే, మెట్లు కూలుతున్న బావికి ఒర కట్టినట్టే. పడిపోయిన గోడ కథ ఇదే.

మరి అడుగు ఎందుకు దిగింది? 1955లో ఎమొరీ లేన్ అనే అమెరికన్ ఇంజనీరు దీన్ని తక్కెడగా చూపాడు. ఒక పళ్లెంలో వాగు మోసే ఇసుక, గులకరాళ్లు. రెండో పళ్లెంలో నీటి పరిమాణం, వాలు. నీరు పెరిగి ఇసుక పెరగకపోతే ముల్లు నీటివైపు ఒరుగుతుంది. ఆకలితో ఉన్న నీరు తన అడుగునే తింటుంది. మా వాగుకు నీరు పట్టే విస్తీర్ణం 38 హెక్టార్లు, అందులో దాదాపు సగం ప్రహరీకి అవతల. ఒకప్పుడు అది చెల్క. ఇప్పుడు సిమెంటు రోడ్లు, డాబాలు. గంటకు 75 మిల్లీమీటర్ల వేగంతో వాన పడితే, చెల్కగా ఉన్నప్పుడు సెకనుకు 2.4 ఘనపు మీటర్ల నీరు వచ్చి ఉండాలి. అప్పట్లో పదిలో మూడు వంతులు పారేవి, ఇప్పుడు ఆరు వంతులు పారుతున్నాయి. లెక్క వేస్తే 4.75. రెట్టింపు. పైగా రోడ్ల మీంచి వచ్చే నీటిలో ఇసుక ఉండదు, ప్లాస్టిక్ ఉంటుంది.

ఇంతవరకు ఎవరైనా ఊహించేదే. నా సందేహం ఇంకోచోట ఉంది. వాగు కొలతలు తీస్తుంటే, గోడ పడినచోట కోత లోతు అటూ ఇటూ కంటే ఒక్కసారిగా పెరిగి కనిపించింది. ఎగువ నుంచి వచ్చే వరద ఒక్కటే కారణమైతే అలా ఉండకూడదు. ఇంకెక్కడినుంచో నీళ్లు ఆ చోటికే వచ్చి పడుతున్నాయి.

ట్యాంకరు

నవంబరులో వాన లేదు. అందుకని ఒక ఉదయం 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకరును గుట్ట మీదికి రప్పించి, నడకదారి మొదట్లో తూము తిప్పమన్నాను. పార్కు అధికారులిద్దరు, కాపలాదారు, నలుగురైదుగురు ఉదయపు నడక వాళ్లు చూస్తున్నారు.

నీళ్లు పక్కనున్న గడ్డిలోకి పోలేదు. పోవడానికి దారి లేదు. సుందరీకరణలో భాగంగా బాటకు రెండువైపులా పసుపు, నలుపు రంగులేసిన కర్బు రాళ్లు పాతారు. మూడు మీటర్ల వెడల్పు బాట, జనం కాళ్ల కిందా నిర్వహణ వాహనం చక్రాల కిందా గట్టిపడి సిమెంటు నేలలా ఉంది. రెండు కర్బుల నడుమ నీళ్లు కాలువలో పారినట్టు పారాయి. ముందు ఎండుటాకులు, వాటి వెనక సన్న ఇసుక, ఆ వెనక నురగ. మేము పక్కనే నడిచాం, కాసేపటికి మా నడక చాలక అడుగులు పెద్దవి చేయాల్సి వచ్చింది. 140 మీటర్లు దిగాక బాట వంపు తిరిగేచోట కర్బు విరిగి ఉంది. నీళ్లు తిరగలేదు. ఆ సందులోంచి నేరుగా పోయి వాగులోకి దూకాయి. అవి దూకిన చోటికి కిందే గోడ బోర్లా పడి ఉంది.

ఎవరూ ఏమీ అనలేదు. నడకకు వచ్చిన పెద్దాయన ఒకరు మాత్రం, "అయితే రోజూ మేము నడుస్తున్నది వాగులోనే అన్న మాట" అన్నారు. నా నివేదికలో పన్నెండు పేజీలు చేయలేని పని ఆ ట్యాంకరు చేసింది. ఎవరికైనా ఇలాంటి పని వస్తే, మొదటి ఖర్చు ట్యాంకరు మీద పెట్టమని చెబుతాను.

ఆ బాట వాలు నూటికి 12. గుట్ట వాలు నూటికి 15. బాట వాలు గుట్ట వాలులో సగానికి మించితే నీళ్లు బాటను అడ్డంగా దాటిపోవు, బాట వెంటే దిగుతాయి. కొండదారులు వేసేవాళ్లు పాటించే ఈ సగం నియమం ఇక్కడ ఎవరికీ గుర్తు రాలేదు. వాగు దాటడానికి వేసిన రెండు 450 మిల్లీమీటర్ల హ్యూమ్ (సిమెంటు) పైపులదీ అదే తీరు. రెండూ కలిసినా మోయగలిగేది వచ్చే వరదలో ఎనిమిదో వంతో పదో వంతో. ఆకులు, కవర్లు అడ్డం పడితే అదీ లేదు.

పై నుంచి కిందికా, కింది నుంచి పైకా

వాటర్‌షెడ్ పనుల్లో మాకు నూరిపోసిన మొదటి పాఠం: గుట్ట మీంచి మొదలుపెట్టి లోయకు రావాలి. ఎగువన నీటి ఉరవడి తగ్గించకుండా దిగువన కట్టిన ఏ కట్టా నిలవదు. అది నిజం. కానీ అడుగు దిగుతున్న వాగులో దానికి ఎదురు నియమం ఒకటి ఉంది. అడుగును నిలబెట్టే కట్టడాలు దిగువన గట్టి నేల దొరికినచోట మొదలుపెట్టి ఎగువకు పోవాలి. కింది మట్టం ఖాయం కాకపోతే పైది ఎంత బాగా కట్టినా దాని కింద నేల జారుతుంది. ఈ రెండిటినీ పొంతన కుదర్చడానికే డిసెంబరు అంతా గడిచింది. చివరికి నీటి పనులు పై నుంచి కిందికి, వాగు అడుగు పనులు కింది నుంచి పైకి అని విడదీశాం. రెండు జట్లు. అవి నడుమ భాగంలో కలిసేసరికి ఏప్రిల్ రావాలి.

పైన చేసింది తక్కువే. ప్రహరీ లోపల కల్వర్టు ముందున్న పల్లాన్ని కొంచెం తవ్వి, 1,800 ఘనపు మీటర్ల నీరు ఆగే కుంటలా చేసి, ముందు చెత్త పట్టే ఇనుప జాలీ పెట్టాం. ఇది వరదను ఆపుతుందని ఎవరికీ చెప్పలేదు. నేను పైన చెప్పిన గంట వానకు పారే నీరు 17,000 ఘనపు మీటర్లు. అందులో ఇది పదో వంతు. మొదటి తాకిడిని, దానితో వచ్చే చెత్తను పట్టడానికే. ప్రహరీకి అవతల నీటిని అక్కడే ఇంకించాలని సంబంధిత కార్యాలయానికి మూడు లేఖలు రాశాం. మూడూ అందినట్టు రసీదులున్నాయి.

వాగులో అసలు పని: 210 మీటర్లలో ఐదు గేబియన్ కట్టలు (ఇనుప తీగ పెట్టెల్లో రాళ్లు నింపి కట్టేవి), ఎగువ కొసనున్న నిలువు మెట్టుకు రాతి జారుడు. ఐదే ఎందుకంటే, అక్కడ వాగు వాలు నూటికి 3. కట్ట వెనక పూడే ఇసుక నూటికి ఒకటిన్నర వాలున నిలుస్తుందని దిగువ భాగంలో చూసిన దాన్నిబట్టి అంచనా వేశాను. మిగిలిన ఒకటిన్నరను కట్టల ఎత్తు మింగాలి. ఒక్కో కట్ట 60 సెంటీమీటర్ల ఎత్తయితే, 40 మీటర్లకు ఒకటి. రెండు మీటర్ల ఎత్తు కట్టలు రెండు కడితే చాలదా అని అడిగారు. చాలదు. నీరు దూకే ఎత్తు పెరిగేకొద్దీ అది కింద తవ్వే గుంట పెరుగుతుంది, ఒక్కటి పోతే అన్నీ పోతాయి. పొట్టి కట్టలు ఎక్కువ ఉండటం మేలు.

నడకవాళ్ల సంఘం నుంచి ఇంకో కోరిక వచ్చింది. ఫోనులో ఏవో ఫొటోలు చూపించి, వాగును వంపులు వంపులుగా, నున్నటి గుండ్రాళ్లతో ఇలా చేయరాదా అన్నారు. వాళ్లకు కాలిఫోర్నియాలోని గిల్‌రాయ్ కథ చెప్పాను. అక్కడి పార్కులో ఉవాస్ క్రీక్ అనే వాగును 1995 నవంబరులో చక్కటి వంపులతో తీర్చారు. 1996 ఫిబ్రవరి వరద ఆ వంపులను తుడిచిపెట్టింది. ఆ వాగుకు ఆ రూపం సహజం కాదు. ఫొటోలోని వాగు వేరే నేలది, వేరే వానది.

రాయి కూర్చోవడం

నేను మొదట ఖరీదు తగ్గించాలని వాగులో కూడా వట్టి రాతికట్టలే అనుకున్నాను. అనంతపురంలో అవి వందలు వేయించాను. అయితే అక్కడి వంకల్లో సెకనుకు అర ఘనపు మీటరు పారితే గొప్ప. ఇక్కడ దాదాపు ఐదు. చేతితో ఎత్తగల రాయి ఆ నీటిలో నిలవదు. అందుకని పక్క పాయల్లో, బాటల మీంచి దిగే చిన్న కోతల్లో 23 వట్టి రాతికట్టలు వేసి, వాగులో గేబియన్లకు వెళ్లాం.

గేబియన్ అంటే తెలియనివారికి: మెలితిప్పిన ఇనుప తీగ అల్లికతో చేసిన పెట్టె, లోపల రాళ్లు. మా అల్లిక కన్ను 10 సెంటీమీటర్లు, కాబట్టి రాయి 15 నుంచి 25 సెంటీమీటర్లు ఉండాలి. చూడటానికి తేలిక. అందుకే చాలాచోట్ల పాడవుతుంది. రాళ్లు తట్టలతో కుమ్మరించి మూత కుట్టేస్తారు. రెండు వానలకు లోపలి రాళ్లు సర్దుకుని, పెట్టె బొజ్జ ముందుకు పడి, పైన ఖాళీ మిగులుతుంది.

మా మేస్త్రి తాతల నాటి నుంచి రాతి పని చేస్తున్న కుటుంబం వాడు. మొదటి పెట్టెలో కూలీలు రాళ్లు కుమ్మరిస్తుంటే ఆపించి, తనే లోపలికి దిగి కూర్చున్నాడు. ఒక రాయి తీసుకుని, అరచేతిలో తిప్పి, వెడల్పు ముఖం కిందికి పెట్టి, సుత్తి వెనక భాగంతో రెండు దెబ్బలు వేశాడు. చప్పుడు విన్నాడు. బోలుగా వినిపిస్తే తీసేసి ఇంకో వైపు తిప్పాడు. మొద్దుగా వినిపించాక దాని పక్కన సందులో చిన్న రాయిని వేలితో నొక్కి దిగేశాడు. "రాయి కూర్చుంటే నీళ్లు దాని మీంచి పోతాయి సార్. నిలబెడితే తోసుకుపోతాయి" అన్నాడు. ఆ తర్వాత బయటి వరస రాళ్లన్నీ చేతితో పేర్చి, నడుమ మాత్రమే తట్టతో పోశాం. రోజుకు ఆరు పెట్టెలు అనుకున్నది మూడుకు పడింది. ఈ ఆలస్యానికి నేను ఎవరికీ సంజాయిషీ ఇవ్వదలచుకోలేదు.

కట్ట నడుమ నాలుగు మీటర్ల వెడల్పు, మీటరు లోతు నోరు వదిలాం. నాలుగు మీటర్ల నోట్లోంచి మా వరద 80 సెంటీమీటర్ల మందంతో పోతుంది, పైన 20 సెంటీమీటర్లు భద్రత కోసం. ఈ కొలతలు పటం మీద చూపిస్తుంటే మేస్త్రి, "అంటే అలుగే కదా" అన్నాడు. అలుగే. చెరువు నిండితే నీరు ఎటు పోవాలో ముందే నిర్ణయించి, అక్కడ రాయి పరిచే విద్య మన గొలుసుకట్టు చెరువులకు కొత్త కాదు. ఆ రోజు నుంచి మా పని కాగితాల్లో తప్ప ఇంకెక్కడా గేబియన్ అన్న మాట వినబడలేదు. ఒకటో అలుగు, రెండో అలుగు. పై నుంచి లెక్క.

నిలువు మెట్టును మూడుకు ఒకటి వాలుగా చెక్కి, నీటిని వదిలి మట్టిని ఆపే జియో టెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద అడుగు నుంచి అడుగున్నర రాళ్లు పేర్చాం. గుడ్డ తప్పనిసరి. అది లేకపోతే రాళ్ల సందుల్లోంచి మొరం పాలలా కారిపోతుంది, పైన రాళ్లు చెక్కుచెదరకుండా ఉండగానే కింద బొరియ పడుతుంది. గేబియన్ల వెనకా అదే గుడ్డ. పడిపోయిన గోడను పగలగొట్టించి, ఆ ముక్కలను పైపుల స్థానంలో వేసిన కాజ్‌వే (వరద పైనుంచి పొర్లిపోయే దాటుబాట) పునాదిలో వాడుకున్నాం. అలా ఆ కాంక్రీటు చివరికి వాగుకు పనికొచ్చింది.

మూడో అలుగు

2021 మే నెలాఖరుకు పని ముగిసింది. జూలై మధ్యలో ఒక రాత్రి గట్టి వాన పడింది. తెల్లవారుజామున కాపలాదారు ఫోను: "సార్, మూడో అలుగు పక్క నుంచి గండి పడింది."

వెళ్లి చూస్తే అలుగు అలాగే ఉంది, ఒక్క రాయి కదలలేదు. నీళ్లు దాని ఎడమ చెయ్యి (ఒడ్డులోకి దిగిన కొస) చుట్టూ తిరిగి, ఒడ్డును రెండు మీటర్లు కోసుకుని పోయాయి. అలుగు పొడిగా నిలబడి చూస్తోంది. ఇంతకంటే అవమానకరమైన దృశ్యం నా వృత్తిలో లేదు.

తప్పు పూర్తిగా నాదే. కట్ట కొసలు ఒడ్డులోకి ఎంత దిగాలన్న దానికి, అమెరికా అటవీశాఖలో బర్చర్డ్ హీడీ చేసిన పనుల నుంచి వచ్చిన లెక్క ఒకటి మేము వాడేవాళ్లం. గట్టి నేలలో 60 సెంటీమీటర్లు, వదులు నేలలో 1.2 నుంచి 1.8 మీటర్లు. నేను మార్చి ఎండలో గడ్డపార వేసి చూసి మొరం గట్టి నేలే అనుకున్నాను. నానిన మొరం వదులు నేల అని పై పేరాల్లో మీకు చెప్పింది నేనే. రెండో తప్పు, ఆ అలుగు వంపులో ఉంది. నోరును వాగు నడుమన పెట్టాను. వరదలో నీటి ఉరవడి నడుమన ఉండదు, వంపు బయటి ఒడ్డును రాసుకుంటూ వస్తుంది.

వానాకాలం నడుమ ఇసుక బస్తాలతో ఆపి, డిసెంబరులో సరిచేశాం. కొసను ఒడ్డులోకి ఒకటిన్నర మీటర్లు దింపాం, ఆ చేతిని ఇంకో అర మీటరు ఎత్తాం, ఎడమ ఒడ్డును నిలువుగా వదలకుండా వాలుగా చెక్కాం, నోరును లోపలి వంపు వైపు మీటరు జరిపాం. మిగిలిన నాలుగింటికి కూడా కొసలు పొడిగించాం, అవి అడగకపోయినా. పక్క పాయల్లోని రాతికట్టల్లో నాలుగు జారాయి, అవి ఒక పూట పని.

బాటలు

పార్కులో మొత్తం బాటలు 4.2 కిలోమీటర్లు. అందులో మార్చాల్సింది ఆ 140 మీటర్లే. దాన్ని మూసి, గుట్టను ఏటవాలుగా చుట్టుతూ 260 మీటర్ల కొత్త బాట వేశాం, వాలు నూటికి ఆరున్నర. బాట పై ముఖం దిగువ అంచు వైపు నూటికి 5 వంగి ఉంటుంది, నీళ్లు అడ్డంగా జారిపోవడానికి. అది చాలదు, ఎందుకంటే నడిచే కాళ్లు ఏడాదిలో నడుమ గాడి చేస్తాయి. అందుకని ప్రతి 15 మీటర్లకు బాటను నాలుగడుగుల మేర కొద్దిగా ఎక్కించి మళ్లీ దించాం. నడిచేవాళ్లకు తెలియను కూడా తెలియదు, నీళ్లకు తెలుస్తుంది. అక్కడికి రాగానే అవి బాట వదిలి గడ్డిలోకి పోతాయి. మిగతా బాటలన్నిటికీ దిగువ వైపు కర్బు రాళ్లు పీకించాం. రంగులు పోయాయని కొందరు బాధపడ్డారు.

పేవర్ బ్లాకులు వేయమన్న ఒత్తిడి గట్టిగానే వచ్చింది. వాలు మీద పేవర్ బ్లాకులు వేస్తే, ఒక్క బ్లాకు కింద ఇసుక జారినా వరస వదులవుతుంది. పది సెంటీమీటర్ల మందాన మొరం, రాతిపొడి కలిపి తడిపి రోలరుతో తొక్కించాం. మోకాళ్ల నొప్పులవారికి అదే మెత్తన. చక్రాల కుర్చీలు వెళ్లడానికి పైనున్న చదును చుట్టు బాటను మాత్రం సిమెంటు కొద్దిగా కలిపి గట్టిపరిచాం.

ఇక జనం. పాత బాటను మూయడం రాళ్లు పేర్చినంత తేలిక కాదు. వాగులోంచి కొట్టిన సర్కారు తుమ్మ కంపను దాని మీద పరిచాం. వారంలో ఎవరో కంపను పక్కకు లాగి సందు చేశారు. మళ్లీ వేశాం, మళ్లీ లాగారు. కొత్త బాటతో రౌండు పొడవు పెరిగింది, రోజూ ఎనిమిది రౌండ్లు తిరిగే ఒక పెద్దమనిషికి లెక్క తప్పింది. ఆయన నాతో, "ఏమండీ, ఇన్నేళ్లుగా ఎనిమిది. ఇప్పుడు ఏడున్నర అనాలా?" అని నిజంగానే కోప్పడ్డారు. నా దగ్గర జవాబు లేదు. ఆఖరికి కొత్త బాట వంపులో, కుంట కనబడేచోట ఒక రాతి బల్ల వేశాం. నెమళ్లు పొద్దున్నే కుంట గట్టుకు వస్తాయి. బల్ల వేసిన రెండు వారాలకు కంపలో సందు మూసుకుపోయింది. బోర్డులు, ఈలలు, కాపలా చేయలేనిది నెమళ్లు చేశాయి.

గడ్డి, చెట్లు

చెక్కిన ఒడ్డుల మీద జూన్ తొలకరికి వట్టివేరు నాటాం, జానెడు ఎడం లేకుండా, మూడు వరసలు. మైసూరు దగ్గర గుండ్లుపేట రైతులు తరాలుగా పొలం గట్ల మీద పెంచిన గడ్డి ఇది. ప్రపంచ బ్యాంకు నిపుణులు 1980ల్లో దీన్ని నేలకోతకు మందుగా ఊరూరా తిప్పారు. వేళ్లు పక్కకు పాకవు, నిలువునా మనిషి లోతుకు మించి దిగుతాయి. ఎండ తగిలినచోట అది మా ఒడ్డుల్ని కుట్టేసింది. కానుగల నీడలో నాటినదంతా అక్టోబరుకల్లా పసుపెక్కి చచ్చింది. వట్టివేరుకు నీడ పడదని నాకు తెలుసు. పటంలో ఒడ్డు గీత గీసి, దాని పొడవునా వరసలు గీశాను, పైన చెట్లున్నాయన్నది కాగితం మీద కనబడలేదు. నిజానికి అక్కడ కానుగ వేళ్లే ఒడ్డును పట్టుకుని ఉన్నాయి. పాదానికి నాలుగు రాళ్లు పేర్చి మనం పక్కకు తప్పుకుంటే చాలు.

దిగువ చదునులో ఏరుమద్ది, నేరేడు, ఈత. అలుగుల చేతుల మీద మాత్రం ఏ చెట్టూ పెరగనివ్వం. వేళ్లు లావెక్కితే తీగ తెగుతుంది. చెక్కిన ఒడ్డు పాదంలో వావిలి కొమ్మలు గుచ్చాం, పదింటికి ఏడు చిగురించాయి. రెల్లును మేము నాటలేదు. అలుగుల వెనక ఇసుక పూడగానే దానంతటదే వచ్చింది.

కొలిచింది

పని మొదలుకాక ముందే ఒడ్డుల్లోకి 60 సెంటీమీటర్ల ఇనుప చువ్వలు 24 అడ్డంగా దిగగొట్టి, కొసలు ఒడ్డుతో సమానంగా ఉంచాం. ఒడ్డు కోసుకుపోయినంత మేర చువ్వ బయటికి వస్తుంది. ఇంతకంటే చవకైన పరికరం ఇంకోటి లేదు. కావాలనే ఒక వంపును ఏమీ చేయకుండా వదిలి, అక్కడా నాలుగు కొట్టాం. రెండు వానాకాలాల తర్వాత, 2022 డిసెంబరులో, పని జరిగినచోట చువ్వలు సగటున 3 సెంటీమీటర్లు బయటపడ్డాయి. వదిలేసిన వంపులో 19. మూడో అలుగు దగ్గర రెండు చువ్వలు గండితో పాటే కొట్టుకుపోయాయి, వాటిని సగటులో కలపలేదు. కలిపితే లెక్క ఇంత అందంగా ఉండదు.

రాతి జారుడు ఎగువకు అంగుళం కూడా కదలలేదు. ఐదింటిలో నాలుగు అలుగుల వెనక ఇసుక నోటి మట్టం దాకా నిండింది, వాలు నూటికి 1.7. నా అంచనా కంటే కొంచెం నిటారుగా నిలిచింది. మా ఇసుకలో మొరం గరుకు ఎక్కువ. వాలు ఇంత ఉంటుందని ముందే తెలిస్తే అలుగుల నడుమ దూరం ఇంకొంచెం పెంచేవాణ్ణి.

మిగిలింది ఐదో అలుగు, అన్నిటికంటే కిందిది. పై నాలుగింటికి కింద ఇంకో అలుగు వెనక నిలిచిన నీరో ఇసుకో మెత్తగా పరిచి ఉంటుంది. దీనికి కింద ఏమీ లేదు. ఎత్తుకు ఒకటిన్నర రెట్ల లెక్కన అన్నిటికీ ఒకే పొడవు ఏప్రాన్ (నీరు దూకేచోట పరిచే రాతి పరుపు) వేశాను, 90 సెంటీమీటర్లు. ఐదోదాని ముందు ఇప్పుడు మోకాలి లోతు గుంట ఉంది. ఏప్రాన్ అంచున రెండు రాళ్లు దానిలోకి వంగాయి. వానాకాలంలో ఆ గుంటలో కప్పలు చేరి నడకవాళ్లకు వినోదంగా ఉంది కానీ, అది లోపలికి తొలిస్తే అలుగు పాదం పోతుంది. ఏప్రాన్‌ను ఇంకో మీటరున్నర పొడిగించి, అంచున పెద్ద బండలు పాతాలి. రాళ్లు రెండు ట్రాక్టర్లు దింపించాం. మేస్త్రికి కబురు పెట్టాను. సంక్రాంతి వెళ్లాక వస్తానన్నాడు.